మెష్ వైఫై తెగేది ఎక్కడ? డెల్టా ఇళ్ల లెక్క వేరు

ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి. అయినా ఆఫీసు వీడియో కాల్ మధ్యలో అవతలి మనిషి బొమ్మలా ఆగిపోతాడు, మాట తెగుతుంది, తెర మీద ‘రీకనెక్టింగ్’ అని తిరుగుతూ ఉంటుంది. నిమిషం గడిచాక దానంతట అదే సర్దుకుంటుంది. కాసేపటికి మళ్లీ అదే వరస. గోదావరి డెల్టాలో భీమవరం, పాలకొల్లు, అమలాపురం, మండపేట చుట్టుపక్కల ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్లున్న కుటుంబాలకు ఈ టెన్షన్ బాగా తెలుసు. పెద్ద ఇంటికి ఒక్క రౌటర్ చాలదని ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని పంచే రెండు మూడు బాక్సుల మెష్ సెట్టు కొంటారు. సిగ్నల్ అన్ని గదుల్లోకీ వస్తుంది గానీ నెట్‌కు నిలకడ రాదు.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది రీసెట్ కొట్టడం. దానికీ లొంగకపోతే కనెక్షన్ ఇచ్చిన కంపెనీని మార్చేయడం. ఈ రెండింటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి, తెగుతున్నది ఏ ముక్క అన్నది. మెష్ పెట్టిన ఇంట్లో ఫోన్ నుంచి బయటి ప్రపంచం దాకా మూడు ముక్కలుంటాయి. ఫోన్‌కీ దగ్గరున్న బాక్సుకీ మధ్య ఒకటి, ఆ బాక్సుకీ మొదటి బాక్సుకీ మధ్య ఒకటి, మొదటి బాక్సు నుంచి ఫైబర్ లైను మీదుగా ఆపరేటర్ దాకా ఒకటి. ఫోన్‌లో కనిపించే గీతలు ఆ మొదటి ముక్క గురించే చెబుతాయి. మిగతా రెండింటి సంగతి వాటికి తెలియదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పుష్కలంగా ఉన్నా పంట కాలువ మధ్యలో పూడుకుపోతే, తూము బార్లా తెరిచినా శివారు పొలం తడవదు. మేడ మీద బాక్సు పక్కనే ఉన్న ఫోన్ పరిస్థితి సరిగ్గా అదే. డెల్టా ఇళ్లలో మెష్ తెగిందంటే ముందుగా అనుమానించాల్సింది ఆ నడిమి ముక్కనే, ఆ తర్వాత బాక్సులకు అందే కరెంటును. సెట్టింగుల వంతు ఈ రెండూ చూశాకే.

ఏ ముక్క తెగుతోందో కనిపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ‘ఉన్నావా’ అని అడిగి జవాబు కోసం చూసే చిన్న సంకేతాన్ని పింగ్ అంటారు. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో ఇంట్లోని రౌటర్ చిరునామాకు, రెండోదాంట్లో బయట ఉండే 8.8.8.8 చిరునామాకు ఆగకుండా పింగ్ పెట్టి వదిలేయాలి. రౌటర్ చిరునామా సాధారణంగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది. వేరేదైతే మెష్ యాప్‌లో దొరుకుతుంది. ఫోన్‌లోనైతే ఉచిత పింగ్ యాప్‌లు ఉన్నాయి. కాల్ ఆగిన క్షణంలో రెండు పింగ్‌లూ ఆగిపోతే లోపం ఇంట్లోనే. రౌటర్ పింగ్ చక్కగా నడుస్తూ బయటిది మాత్రమే ఆగితే లోపం ఫైబర్ వైపు. ఇదే పరీక్షను మొదటి బాక్సు పక్కన కూర్చుని ఒకసారి, మేడ మీద గదిలో మరోసారి చేయాలి. కింద ఎంతసేపు చూసినా తెగకుండా, మేడ మీద మాత్రమే తెగుతుంటే నడిమి ముక్క దొరికినట్టే.

దీనికి తోడు యాప్‌లో ప్రతి బాక్సూ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చూపించే అంకె ఒకటి చాలా సెట్లలో ఉంటుంది. దాన్ని ‘అప్‌టైమ్’ అంటారు. పొద్దున్నుంచి ఆన్‌లోనే ఉన్న బాక్సు అప్‌టైమ్ పదిహేను నిమిషాలే చూపిస్తుంటే, అది సిగ్నల్ అందక తెగలేదు, ఆగిపోయి మళ్లీ మొదలైంది. అంటే ముందు వెతకాల్సింది కరెంటు వైపు. ఈ ఒక్క అంకె చూసుకుంటే సెట్టింగులతో కుస్తీ పట్టే శ్రమ సగం తప్పుతుంది.

ఇక నడిమి ముక్క. మెష్ అట్టపెట్టె మీద రాసి ఉండే చదరపు అడుగుల లెక్క మన ఇళ్లను చూసి వేసింది కాదు. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రానికి జిప్సం బోర్డు బిగించి కట్టినవి. ఆ గోడలు సిగ్నల్‌కు పెద్దగా అడ్డుపడవు. ఇక్కడి పాత మండువా ఇళ్ల గోడలు సున్నంతో కట్టిన మూరెడు మందపువి. కొత్త డాబాలకు గోడలు సన్ననివైనా, స్లాబులో ఇనప ఊచలు వలలా అల్లుకుని ఉంటాయి. సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 తగ్గితే బలం సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతే మిగులుతుంది, 20 తగ్గితే నూరో వంతు. ఊచల స్లాబు ఒక్కటే, వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పది పదిహేను డెసిబెల్స్ సులువుగా మింగేస్తుంది. బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడేది ఆ 5 గిగాహెర్ట్జ్‌నే. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్లోంచి కాస్త మెరుగ్గా దూరుతుంది కానీ వేగం తక్కువ.

ఇళ్లలో కనిపించే పెద్ద పొరపాటు, సిగ్నల్ రాని గదిలోనే రెండో బాక్సు పెట్టడం. సహజంగా తోచేది అదే. కానీ ఫోన్‌కు సిగ్నల్ అందని చోట బాక్సుకు మాత్రం ఎలా అందుతుంది? అరకొరగా అందినదాన్ని పట్టుకుని ఆ గదిలోని ఫోన్లకు నిండు గీతలు చూపిస్తుంది. ఎవరైనా తలుపు మూసినా, బీరువా తలుపు తెరిచినా, వాన పడి గోడ తడిసినా ఆ అరకొరా పోతుంది. బాక్సును సిగ్నల్ పోయే చోట కాదు, ఇంకా బాగా వస్తున్న చోట, అంటే దారి మధ్యలో పెట్టాలి. అక్కడి నుంచి అవతలి గదికి అదే పంచుతుంది.

చోటు ఖాయం చేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండో బాక్సు ప్లగ్గు పీకేసి, దాన్ని పెట్టాలనుకున్న చోట ఫోన్ పట్టుకుని నిలబడాలి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే మొదటి బాక్సు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడ ఎంత ఉందో కనిపిస్తుంది. ఐఫోన్‌లో అలాంటి యాప్‌లు తక్కువ. యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలో స్కానర్‌ను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే పని జరుగుతుంది. అంకె మైనస్ 65 డీబీఎం గానీ అంతకంటే మెరుగ్గా (అంటే మైనస్ 60, మైనస్ 55 వైపు) గానీ ఉంటే ఆ చోటు మంచిది. మైనస్ 70 దాటి కిందికి పోతే అనుమానమే. మైనస్ 80 దగ్గరుంటే అక్కడ పెట్టిన బాక్సు తెగి తీరుతుంది. మైనస్ 60 కంటే మైనస్ 80 వంద రెట్లు బలహీనం, చూడటానికి అంకెలు దగ్గరగా కనిపించినా.

మండువా ఇంటికి ఒక వరం ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. మధ్యలో ఆకాశం కనిపించే ఆ ఖాళీ జాగాలో సిగ్నల్‌కు అడ్డే లేదు. మొదటి బాక్సును హాలు గదిలో టీవీ వెనక దాచకుండా మండువా వైపు వసారాలోకి తెచ్చి, రెండోదాన్ని ఎదురు వసారాలో పెడితే రెండింటి మధ్యా ఒక్క గోడ కూడా ఉండదు. వానజల్లు తగలని ఎత్తు చూసుకుంటే చాలు. డాబా ఇంట్లో అలాంటి దారి మెట్ల దగ్గర దొరుకుతుంది. మెట్లు మలుపు తిరిగే చోట గోడకు పెట్టిన బాక్సు కిందికీ పైకీ రెండువైపులా చూస్తుంది, స్లాబును చీల్చుకుని పోవాల్సిన పని ఉండదు. అన్నిటికంటే చేటైన చోటు బీరువా నెత్తి. పిల్లల చేతికి అందదని అక్కడ పెడతారు గానీ, కిందనున్న ఇనప రేకు సిగ్నల్‌ను ఆపేస్తుంది. నిలువుటద్దం, ఫ్రిజ్, అక్వేరియం కూడా అడ్డే.

మూడో బాక్సు ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. మొదటిదాని నుంచి రెండోది, రెండోదాని నుంచి మూడోది అందుకునేలా గొలుసుగా పెడితే, సాధారణ సెట్లలో ఒకే రేడియో అందుకోవాలి, అందించాలి. రెండు పనులూ వంతులవారీగా చేయాల్సిరావడంతో ఒక్కో మెట్టుకు వేగం దాదాపు సగానికి పడిపోతుంది. వీలైనంత వరకు రెండోదీ మూడోదీ నేరుగా మొదటిదానితోనే మాట్లాడేలా, మొదటిదాన్ని ఇంటి నడుమకు తేవడం మేలు. నెట్ కుర్రాడు ఫైబర్ బాక్సును వీధి గది మూలన బిగించి వెళ్లిపోయాడని మెష్ మొదటి బాక్సు కూడా ఆ మూలనే ఉండాలనేమీ లేదు. పది మీటర్ల ల్యాన్ కేబుల్‌తో లోపలికి తెచ్చుకోవచ్చు.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి, అసలు మందు కూడా అదే. బాక్సుకీ బాక్సుకీ మధ్య ల్యాన్ కేబుల్ వేస్తే గోడలు, స్లాబులు, బీరువాల గొడవంతా ఒక్కసారిగా పోతుంది. గోడలు పగలగొట్టాలని భయపడనక్కర్లేదు. గత ఇరవై ముప్పై ఏళ్లలో కట్టిన చాలా డాబాల్లో కేబుల్ టీవీ కోసం గోడలో పైపులు వేసి ఉంటాయి. డిష్‌లూ స్మార్ట్ టీవీలూ వచ్చాక వాటిలో చాలా ఖాళీగా పడి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఆ పాత వైరుకే కొత్త కేబుల్ కట్టి లాగేయగలడు. 100 మీటర్ల వరకు ల్యాన్ కేబుల్‌కు ఇబ్బంది లేదు. కొనేటప్పుడు లోపల పూర్తి రాగి ఉన్నదే అడగాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం డెల్టా చెమ్మకు, అందులోనూ నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి త్వరగా చెడుతుంది. ఎనిమిది తీగల్లో ఒక్కటి దెబ్బతిన్నా గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) లైను వంద మెగాబిట్లకు పడిపోతుంది, లేదా పోతూ వస్తూ ఉంటుంది. కేబుల్ వేశాక కూడా తెగుతుంటే ముందు ఆ చివర పిన్నులు పచ్చబడ్డాయేమో చూడాలి.

కరెంటు వైపు చూస్తే డెల్టాకు తనదైన కథ ఉంది. లో వోల్టేజీ వల్లే రౌటర్ ఆగుతోందని అందరూ అంటారు. ఎడాప్టర్ మీద రాసింది చదివితే సంగతి వేరేలా ఉంటుంది. ఎక్కువ ఎడాప్టర్లు 100 నుంచి 240 వోల్ట్ల వరకు పనిచేసేవే. చేపల, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఒక్కసారిగా మొదలై వోల్టేజీ 170కి పడినా మంచి ఎడాప్టర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దెబ్బ తగిలేది కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినప్పుడు. లైటు ఓసారి రెప్ప వేస్తుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. బాక్సు మాత్రం ఆగి మొదటి నుంచి లేస్తుంది. లేవడానికి రెండు మూడు నిమిషాలు, మొదటిదాన్ని వెతికి పట్టుకోవడానికి ఇంకాస్త.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే, అది రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ వెనక చాలావాటికి ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, యూపీఎస్ అని ఒకవైపు, ఈకో లేదా నార్మల్ అని ఇంకోవైపు. ఈకోలో ఉంటే బ్యాటరీ అందుకునేలోపు వచ్చే ఖాళీకి ఫ్యాన్లు, లైట్లు తట్టుకుంటాయి, రౌటర్లు తట్టుకోకపోవచ్చు. యూపీఎస్ వైపు పెడితే మారడం చాలా వేగంగా జరుగుతుంది. అయితే ఆ వైపు ఉన్నప్పుడు వోల్టేజీ సుమారు 180 కిందికి పడగానే బ్యాటరీకి మారిపోతుంది కాబట్టి, లో వోల్టేజీ ఊళ్లో బ్యాటరీ త్వరగా అరుగుతుంది. రెండో మోసం ఇంటి వైరింగులో ఉంది. ఇన్వర్టర్ లైను సాధారణంగా కింద హాలు, పడక గదుల లైట్లకూ ఫ్యాన్లకే ఇస్తారు. మేడ మీద బాక్సు పెట్టిన ప్లగ్గు మామూలు లైనులో ఉంటుంది. కరెంటు పోతే కింద నెట్ వస్తూనే ఉంటుంది, పైన పోతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని ‘మెష్ ప్రాబ్లం’ అంటారు. దీనికి ఖరీదైన వైద్యం అక్కర్లేదు, ఒక్కో బాక్సుకు 12 వోల్ట్ల మినీ యూపీఎస్ పెడితే సరిపోతుంది. కొనేముందు బాక్సు ఎడాప్టర్ మీద వోల్టులూ ఆంపియర్లూ చూసి సరిపోయేదే తీసుకోవాలి, అన్నీ 12 వోల్ట్లవే కావు.

ఎడాప్టర్లు తారుమారు కావడం కూడా తక్కువేం కాదు. ఇల్లు దులిపినప్పుడు ఫైబర్ బాక్సుది మెష్‌కు, మెష్‌ది ఫైబర్ బాక్సుకు గుచ్చేస్తారు. పిన్ను సరిపోతుంది, లైటు వెలుగుతుంది. ఒకటిన్నర ఆంపియర్ అడిగే బాక్సుకు ఒక ఆంపియరే అందుతుంటే మామూలప్పుడు నడుస్తుంది, నలుగురూ ఒకేసారి వీడియోలు పెట్టిన రాత్రి ఆగిపోతుంది.

ఈ రెండూ తేలాక సెట్టింగుల్లోకి వెళ్లొచ్చు. అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఇంట్లో రెండు రౌటర్లు పెత్తనం చేస్తున్నాయా అని. ఫైబర్ బాక్సు తానే ఒక రౌటర్. దాని వెనక మెష్ కూడా రౌటర్‌లా పనిచేస్తే రెండూ ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు నెట్ చిరునామాలు పంచుతాయి. ఫైబర్ బాక్సు వైఫైకి, మెష్‌కు ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టిన ఇళ్లలో ఇది ముదురుతుంది. ఫోన్ ఓసారి దీన్ని, ఓసారి దాన్ని పట్టుకుంటుంది, మారిన ప్రతిసారీ కాల్ తెగుతుంది. ఫైబర్ బాక్సు వైఫైని పూర్తిగా ఆపేసి, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) పెట్టడం సులువైన దారి. ఫైబర్ బాక్సునే బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైనును మెష్‌కు అందించే పద్ధతి) పెట్టమని ఆపరేటర్‌ను అడగడం ఇంకో దారి. రెండూ ఒకేసారి చేస్తే ఇంట్లో చిరునామాలు పంచేవాళ్లే మిగలరు.

రెండోది 5 గిగాహెర్ట్జ్ చానెల్. మన దేశంలో ఈ బ్యాండులో లైసెన్సు లేకుండా వాడుకునే జాగాను 2018లో బాగా పెంచారు. ఆ జాగాలో కొంత భాగం, 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లు, రాడార్లతో పంచుకోవలసినవి. వాటిలో ఉన్న బాక్సుకు రాడార్‌లా అనిపించే సంకేతం తగిలితే పది సెకన్లలో ఆ చానెల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. అలాంటిదే మరో చానెల్‌కు వెళ్తే ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా విని చూడాలి. ఆ నిమిషమే వీడియో కాల్ ప్రాణం తీస్తుంది. వేగం కోసం చానెల్ వెడల్పును 160 మెగాహెర్ట్జ్‌గా పెట్టుకున్న ఇళ్లు తెలియకుండానే ఈ భాగంలోకి వెళ్లినట్టు, ఎందుకంటే అంత వెడల్పు రాడార్ చానెళ్లను కలుపుకోకుండా దొరకదు. వెడల్పు 80కి తగ్గించి, 36 గానీ 149 గానీ చానెల్‌గా పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

చానెల్ మార్చండన్న సలహా 2.4 గిగాహెర్ట్జ్‌కూ వినిపిస్తుంది. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం అపార్ట్‌మెంట్లలో అది నిజంగా పనికొస్తుంది. అక్కడ ఒకదానితో ఒకటి ఒరుసుకోనివి 1, 6, 11 మాత్రమే, వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి. చుట్టూ కొబ్బరి తోట ఉన్న కోనసీమ ఇంట్లో పక్కింటి వైఫై పేరు కూడా సరిగా కనిపించదు. అక్కడ చానెళ్లు మారుస్తూ కూర్చోవడం పొద్దుపుచ్చడమే.

ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు మారే నిర్ణయం మెష్‌ది కాదు, ఫోన్‌ది. బాక్సులు సలహా ఇవ్వగలవు, వినడం వినకపోవడం ఫోన్ ఇష్టం. ఐఫోన్ అయితే ఉన్న సిగ్నల్ మైనస్ 70కి పడేదాకా వేరేదాన్ని వెతకదు. అందుకే బాక్సులు మరీ దగ్గరగా పెట్టినా చిక్కే, ఫోన్ దూరపు బాక్సును వదలదు. సీసీ కెమెరాలు, పాత ప్రింటర్లు తెగుతుంటే కారణం కొన్నిసార్లు భద్రత సెట్టింగే. డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కు మార్చి చూస్తే తెలిసిపోతుంది.

ఇంటి బయటి సంగతి వేరుగా చెప్పుకోవాలి. చెరువు గట్టు మీద మకాం దాకా, పెరట్లో పశువుల సావిడి దాకా కెమెరా కోసం మెష్‌ను సాగదీస్తున్నారు. తోటలో తడి కొబ్బరాకులు సిగ్నల్‌ను పీల్చేస్తాయి. వేసవిలో పెట్టుకున్నప్పుడు చక్కగా వచ్చింది వానాకాలంలో తెగడానికి కారణం ఇదే. అలా అని ఇంటి నుంచి మకాం దాకా ఆరుబయట మామూలు ల్యాన్ కేబుల్ లాగడం ఇంకా ప్రమాదం. దగ్గర్లో పిడుగు పడితే ఆ రాగి తీగలోకి వచ్చే వోల్టేజీ రెండు చివరలా ఉన్న బాక్సులను కాల్చేస్తుంది. రెండు కట్టడాల మధ్య ఫైబర్ వేసి, రెండు చివరలా మీడియా కన్వర్టర్ (ఫైబర్ వెలుతురును ల్యాన్ సంకేతంగా మార్చే చిన్న బాక్సు) పెట్టడమే క్షేమం. గాజు పోగులో కరెంటు పారదు. లోపల బలానికి ఇనప తీగ ఉన్న రకం కాకుండా పూర్తిగా లోహం లేనిది అడిగి తీసుకోవాలి.

పరీక్షలో బయటి పింగ్ మాత్రమే ఆగిందని తేలితే పని ఆపరేటర్‌ది. ఫైబర్ బాక్సు మీద ‘లాస్’ (LOS) అనే లైటు ఎర్రగా వెలిగితే గాజు పోగులో వెలుతురు రావడం లేదని అర్థం. డెల్టా పల్లెల్లో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. కొబ్బరి మట్ట పడితే తెగుతుంది, లేదా తెగకుండా నొక్కుకుపోతుంది. తెగితే ఎర్ర లైటు వెలుగుతుంది కాబట్టి వచ్చి బాగుచేస్తారు. నొక్కుకుపోతే లైటు పచ్చగానే ఉంటుంది, గాలికి తీగ ఊగినప్పుడల్లా నెట్ పోయి వస్తుంది. ఇది పట్టుకోవాలంటే ఫైబర్ బాక్సు పేజీలో ఆప్టికల్ పవర్ అంకె చూడాలి. అది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 25 దాటి 27 అంచున ఊగుతుంటే లైను బాగోలేనట్టే. ఫోన్ చేసి ‘నెట్ సరిగ్గా రావట్లేదండీ’ అంటే బాక్సు ఆపి ఆన్ చేయమంటారు. ‘ఆప్టికల్ పవర్ మైనస్ 27 చూపిస్తోంది, ఇవాళ ఫలానా ఫలానా టైముల్లో పోయింది, గాలి వేసినప్పుడే పోతోంది’ అని ఫొటోతో పాటు పంపితే, వచ్చే కుర్రాడు ఇంట్లోకి రాకముందే నిచ్చెన వేసుకుని స్తంభం చూస్తాడు.